నిద్రముక్కల బొంత

లేవగానే టైలరమ్మ చేసే మొదటి పని దిండు దులపడం. దులిపితే నిద్రముక్కలు రాలతాయి. కొన్ని అరచేతంత, కొన్ని జేబు మూతంత, మరీ చెడ్డ రాత్రయితే గుండీ అంతవి. ఉతికి ఉతికి పల్చబడ్డ దుప్పటి రంగులో ఉంటాయి, చేత్తో పట్టుకుంటే ఆవులింతొస్తుంది. మధ్యలో తెగితే ఎవరి నిద్రయినా ముక్కలే అవుతుంది, జనం ఊడ్చి పారేస్తారు. ఈవిడ పుట్టి బుద్ధెరిగాక గుడ్డపేలిక పారేసిన మనిషి కాదు. ఏరి సంచిలో వేసి, కుట్టుమిషను పక్కన మేకుకి తగిలిస్తుంది. ఎప్పటికైనా వాటన్నిటినీ బొంత కుట్టి కప్పుకుని ఒక్క నిద్ర, నిండు నిద్ర పోవాలని ఆవిడ ఆశ.

ఆ తర్వాత మొగుడి పని. ముక్కు మీంచి ఊపిరి మిషను మాస్కు తియ్యాలి. అది ఒరుసుకున్న చోట క్రీము రాయాలి. గొంతులో చేరిన కఫాన్ని గొట్టంతో లాగాలి. ఒళ్ళు తుడవాలి. చేతులూ కాళ్ళూ కీలుకీలునా మడిచి చాపాలి, లేకపోతే బిగుసుకుపోతాయి. తాగే నీళ్ళలో పొడి కలిపి చిక్కబరచాలి, పల్చటి నీళ్ళయితే దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇదంతా అయ్యేసరికి ఒక రోజు చాకిరీ అయినట్టే ఉంటుంది. ఊరికి మాత్రం అప్పుడే తెల్లవారుతుంటుంది.

ఆయన బస్సు డ్రైవరు. వచ్చింది మోటార్ న్యూరాన్ జబ్బు. కండల్ని కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ముందు స్టీరింగు మీద వేళ్ళు జారాయి, తర్వాత కాళ్ళు పోయాయి, తర్వాత మాట. మనిషి మాత్రం లోపల చెక్కుచెదరకుండా ఉన్నాడు, అదీ ఈ జబ్బు చేసే అన్యాయం. అన్నీ వినపడతాయి, కోపమొస్తుంది, నవ్వొస్తుంది. అవునంటే కళ్ళు పైకెత్తుతాడు, కాదంటే మూస్తాడు. అంతకు మించి చెప్పాలంటే అక్షరాల అట్ట ఉంది. ఆవిడ వేలితో ఒక్కో అక్షరం చూపిస్తుంటే సరైనదాని దగ్గర కళ్ళెత్తుతాడు. ఇక ఒంట్లో కదిలేది ఎడమకాలి బొటనవేలొకటే. దాని కింద కాలింగ్ బెల్లు మీట పెట్టారు. నొక్కితే గోడ మీది పెట్టెలోంచి పిట్ట కూస్తుంది.

హారన్ కొట్టని డ్రైవరని ఆయనకి పేరు. "ఓపిక లేనోడే హారన్ కొడతాడు" అనేవాడు. గొర్రెలమంద అడ్డమొస్తే ఇంజను ఆపి కూర్చునేవాడట, వెనక ప్యాసింజర్లు శాపనార్థాలు పెడుతున్నా సరే. అలాంటి మనిషికి రెండు గంటలకోసారి పెళ్ళాన్ని లేపాల్సిన గతి పట్టింది. ఒకే పక్కన ఉంటే ఒళ్ళు నొక్కుకుపోతుంది, తిప్పాలి. దిండు జారితే ఎత్తాలి. చీమ కుడితే గోకాలి. పిట్ట కూస్తుంది, ఆవిడ లేస్తుంది, నిద్ర పుటుక్కున తెగుతుంది.

సాయానికి ఎవరూ లేరా అంటే, ఉంది. డ్రైవరు అక్క ఉంది. ఆసుపత్రి లాండ్రీలో పని, నోరు కాస్త పెద్దది, మనసూ అంతే. కానీ ఆవిడ ఒకరోజు "నీళ్ళు నీళ్ళలా తాగాలి గానీ ఈ జిగురేంట్రా తమ్ముడూ" అని ఉత్త నీళ్ళు పట్టేసింది. పొలమారి మనిషి నీలంగా మారిపోయాడు. టైలరమ్మ గొట్టం పెట్టి లాగి బతికించుకుంది. ఆ తర్వాత గుమ్మం చూపించింది.

"వదినా, మీరు చూడ్డానికి రండి, కూర్చోండి, వెళ్ళండి. ఆయన మీద చెయ్యి మాత్రం వెయ్యకండి."

ఆడపడుచు మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆవిడ మారు మాట్లాడకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

అప్పట్నించీ పగలూ రాత్రీ టైలరమ్మే. ఆవిడ మాత్రం ఇనుమా? ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టేసింది. ఇస్త్రీపెట్టె మీద చెయ్యి ఆనించి కునికింది. చివరికి ఒక మధ్యాహ్నం, కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ బుర్ర ఎక్కడో ఉంది, గ్లాసులో పొడి వెయ్యడం మర్చిపోయింది. అవే ఉత్త నీళ్ళు, అదే పొలమారడం, అదే నీలం రంగు. కాసేపటికి ఆయన ఊపిరి దారిన పడింది.

ఆ సాయంత్రమే వంటగదిలోకి వెళ్ళి, ఇలాంటి రోగుల్ని ఉంచుకుని చూసే కేర్ హోముకి ఫోన్ చేసింది.

"నావల్ల కావట్లేదండీ. నిద్ర లేక ఆయన్ని నా చేతులతో నేనే చంపుకునేలా ఉన్నాను. తీసుకెళ్ళండి."

వచ్చే సోమవారం వ్యాన్ పంపుతామన్నారు. ఆవిడ ముక్కు చీది, మొహం కడుక్కుని, ఏమీ జరగనట్టు వచ్చి ఆయన కాళ్ళు మడవడం మొదలుపెట్టింది. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ చెప్పలేదు.

చిత్రం, ఆ రోజు నుంచీ నిద్ర కుదిరింది. దిండు దులిపితే జానెడు ముక్కలు, మూరెడు ముక్కలు! పిట్ట రాత్రికి ఒకసారో రెండుసార్లో కూస్తోంది, అంతే. టైలరమ్మ మిషను ముందు కూర్చుని పాత చిన్నముక్కలన్నీ నడుమ వేసి, కొత్త పెద్దముక్కలతో అంచు కట్టింది. బొంత దాదాపు పూర్తయింది. ఆయన ఒంటికి కాస్త సుఖంగా ఉందేమో, పంపే ముందు దేవుడు దయ తలిచాడనుకుంది.

గురువారం హోమ్ కేర్ నర్సు వచ్చింది. వారానికోసారి వచ్చే మనిషే. "అయ్యో, ముక్క తొక్కాను" అని కాలి కింద నిద్రముక్క తీసి మిషను మీద పెట్టి, ఒక ఆవులింత ఆవులించి, డ్రైవరుని పక్కకి తిప్పింది. తిప్పి, అలాగే ఆగిపోయింది. తుంటి మీద అరచేతి వెడల్పున ఎర్రగా కమిలి ఉంది.

"ఏంటమ్మా ఇది? రాత్రిళ్ళు తిప్పట్లేదా?"

"పిలిస్తే తిప్పుతూనే ఉన్నా సిస్టర్. ఈ మధ్య అంతగా పిలవట్లేదు. పొద్దున కాస్త ఎరుపు చూశా గానీ, నొప్పి లేదేమో అనుకున్నా."

"ఈ జబ్బులో పోయేది కదలికమ్మా, నొప్పి కాదు. మనకెంత తెలుస్తుందో ఈయనకీ అంతే తెలుస్తుంది. వేలు పనిచేస్తోంది కదా, మరి నొక్కట్లేదెందుకు?"

టైలరమ్మ మందు రాయించుకుని, నర్సుని సాగనంపి, తలుపేసి, మిషను దగ్గరికెళ్ళి బొంత అంచు చేతిలోకి తీసుకుంది. మూరెడు మూరెడు ముక్కలు. ఏ ముక్క ఎప్పటిదో ఆవిడకి తెలుసు. అన్నీ ఫోన్ చేసిన తర్వాతివే. ఒక్కో ముక్క ఆయన పళ్ళబిగువున ఓర్చుకున్న ఒక్కో రాత్రి.

వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఏవండీ. ఆ రోజు నేను ఫోన్లో మాట్లాడింది విన్నారా?"

కళ్ళు పైకి.

"నేను నిద్రపోతే మిమ్మల్ని పంపించననుకున్నారా? అందుకేనా బెల్లు కొట్టలేదు?"

మళ్ళీ కళ్ళు పైకి.

టైలరమ్మకి ఏడుపు రావాల్సింది, కోపమొచ్చింది. "ఎవరు ఓర్చుకోమన్నారు మిమ్మల్ని? గొర్రెలమంద అనుకున్నారా నన్ను, ఇంజను ఆపి కూర్చోడానికి? తోలు ఊడొస్తుంటే నోరు మూసుకుని పడుకుంటారా!" నోరు మూసుకోవడమేంటి, ఆయనకి నోరెక్కడిది. ఆ మాట తనకే తగిలి, అప్పుడు ఏడ్చింది. "నాకు మీరు కావాలి. నాకు నిద్ర కూడా కావాలి. రెండూ అడగడం తప్పా?"

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కాదు, అని. మూసిన రెప్పల కిందినుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేడు కదా, ఆవిడే తుడిచింది.

ఆ తర్వాత ఆడపడుచుకి ఫోన్ చేసింది.

"వదినా, నేనూ పొడి మర్చిపోయాను. అచ్చం మీలాగే. ఆయన చచ్చి బతికారు. అయినా మీకు చెప్పలేదు."

అవతల లాండ్రీ మిషన్ల రొద. అందులోంచి ఆవిడ గొంతు.

"ఇప్పుడు చెప్పావుగా. నేను బయల్దేరుతున్నా. మళ్ళీ గుమ్మం చూపించావంటే మాత్రం గుమ్మమే పీకి పట్టుకుపోతాను."

వచ్చింది. పని చేసే ఏప్రన్‌తోనే వచ్చింది. శుక్రవారమంతా టైలరమ్మ దగ్గరుండి నేర్పింది. మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలి, మాస్కు పట్టీ ఎంత బిగించాలి, నీళ్ళు ఎంత చిక్కగా ఉండాలి. "చెంచాలోంచి జారాలి వదినా, కారకూడదు." ఆడపడుచు కలిపింది పారబోయించి మళ్ళీ కలిపించింది. "డ్రైవింగు పరీక్ష పెట్టినోడు కూడా మా తమ్ముణ్ణి ఇంత ఏడిపించలేదే తల్లీ" అని ఆవిడ గొణుగుతుంటే, మంచం మీద డ్రైవరు గొంతులో గురగురమన్నాడు. కఫమేమోనని ఇద్దరూ పరిగెత్తారు. నవ్వు.

శనివారం మధ్యాహ్నం టైలరమ్మ బొంతకి చివరి కుట్టు వేసి, దారం పంటితో కొరికింది. ఆయన పక్క మంచం మీద పడుకుంది.

"మొహమాటపడితే నా మీద ఒట్టే. వదిన ఉంది. కొట్టండి."

బొంత గడ్డం దాకా లాక్కుంది. ఇంకేదో చెప్పబోయింది గానీ మాట సగంలోనే నిద్ర పట్టేసింది.

కళ్ళు తెరిచేసరికి గదంతా ఎండ. ఆదివారం మధ్యాహ్నం. ఆవిడ ఉలిక్కిపడి లేచి ఆయన వైపు చూసింది. కుడిపక్కకి తిప్పి, వీపు వెనక దిండు పెట్టి ఉంది, సరిగ్గా తను పెట్టినట్టే. ఎదురుగా కుర్చీలో జుట్టు రేగిపోయి, కళ్ళు చింతనిప్పులై, ఆడపడుచు.

"ఎన్నిసార్లు పిలిచారు వదినా?"

"ఎన్నిసార్లా! పిట్ట గొంతు బొంగురుపోయింది. తిప్పమని, ఎత్తమని, ముక్కు దురదని, మళ్ళీ తిప్పమని. ఒకసారైతే ఏం కావాల్రా అంటే కళ్ళు మూస్తాడు! ఏమీ వద్దట, ఊరికే! ఇన్నేళ్ళు కొట్టని హారనంతా నిన్న రాత్రే కొట్టాడు వీడు."

టైలరమ్మ మొగుడి మొహంలోకి చూసింది. ఆయన కళ్ళు పైకెత్తాడు, ఎత్తి అలాగే ఉంచాడు. ఆవిడ నవ్వుతూ ఏడ్చిందో, ఏడుస్తూ నవ్విందో ఆడపడుచుకి కూడా అర్థం కాలేదు. బొంత మడతపెట్టబోతే దాంట్లో ఒక్క అతుకూ కనపడలేదు. ఈ చివర్నించి ఆ చివరికి ఒకే గుడ్డ. అలాగే మడిచి, ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

తర్వాత ఫోన్ తీసి, ఆయన పక్కనే నిలబడి, ఆయనకి వినపడేలా మాట్లాడింది. "రేపు వ్యాన్ పంపొద్దండీ. ఆయన ఎక్కడికీ రారు."

అప్పటిదాకా ఆగి, ఆడపడుచు ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టి గుప్పెడు ముక్కలు బయటికి తీసింది. ఉతికిన దుప్పటి రంగువి, గుండీలంతవి. వాటిని చూస్తూనే ఇంత పెద్ద ఆవులింత ఆవులించింది.

"నాక్కూడా ఓ సంచి కుట్టవే అమ్మాయ్. పెద్దదే కుట్టు. వీడి వాలకం చూస్తే ఇంకా చాన్నాళ్ళు హారన్ కొట్టేట్టున్నాడు."