పెళ్లిపటం అద్దం

పెద్దకర్మకు మా ఆయన పటం కావాలన్నారు బంధువులు. కట్టించడానికి మాత్రం ఒక్కరి చెయ్యీ జేబులోకి పోలేదు. చూలై బజారులో పటాల అంగడివాడు చెప్పిన ధర విని ఇంటికి వచ్చేశాను.

ఆయన ఫోటో ఇంట్లో ఒక్కటే, మా పెళ్లిపటం. పోయినవాళ్ల పటంలో బతికున్నవాళ్లు ఉండకూడదట. సరే, నన్ను కత్తిరించేసి, అదే అద్దంతో అదే ఫ్రేములో ఆయన్ను బిగిద్దామని మేకులు పీకాను.

తొంభయ్యారులో పడ్డ వానల చెమ్మకు ఫోటో అద్దానికి అంటుకుపోయింది. మెల్లగానే లాగాను. కాగితం మీద నేనొక్కదాన్నే వచ్చాను, పూలజడతో. ఆయన మొహం అద్దం మీదే ఉండిపోయింది.

పోనీ, వెనక తెల్లకాగితం పెట్టి బిగిస్తే సరిపోతుందనుకున్నాను. అద్దాన్ని గోడకు ఆనించి, కాగితం కోసం లోపలికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి మా అత్త తడిగుడ్డ పిండుతోంది. శుక్లాలు ముదిరి ఆమెకు చూపు సరిగా ఆనదు.

"అద్దానికి ఎంత మరక పట్టిపోయుండాదే కనకవల్లీ! గోటితో గీకి గీకి తుడిచినా. ఇంక పెట్టు నా బిడ్డ ఫోటో," అంది.