పదేళ్ళ బేరం

మంగళవారం సంతకి ఎవరొచ్చినా ఏదో ఒకటి కొనడానికో, అమ్మడానికో వస్తారు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది మాఘంలో జీపు దిగిన లక్ష్మీనరసింహంగారు మాత్రం మా జనం ఆయుష్షు అడగడానికి వచ్చారు.

నా పేరు నారాయణమూర్తి. కాంపౌండర్‌ని. భోగాపురం దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, సంత మైదానాన్ని ఆనుకుని ఒక బోదకాళ్ళ ఆసుపత్రి ఉండేది. పేరుకి ఆసుపత్రి. ఉన్నదల్లా ఒక గది, ఒక వరండా, ఒక బీరువా, నేను. డాక్టరు నెలకోసారి వచ్చేవాడు, అదీ ఆయన జీపుకి ఒంట్లో బాగుంటే. సంతరోజున బోదకాళ్ళవాళ్ళు వరస కట్టేవారు. కాళ్ళు కడిగి, పుళ్ళకి మందు రాసి, గుడ్డ బిగించి కట్టి, మాత్రలిచ్చి పంపేవాణ్ణి. కాలు మామూలుగా అయిపోదు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ నెలకి రెండుసార్లు గజ్జల్లో బిళ్ళ కట్టి, మూడు దుప్పట్లు కప్పినా ఆగని చలిజ్వరం వచ్చేవాళ్ళకి ఏడాదికి ఒకటి రెండుసార్లే వచ్చేది. అంతకంటే గొప్పలు నేను చెప్పుకోను.

దాలమ్మ సంగతి చెబితే మీకే తెలుస్తుంది. మొదటిసారి ఆమెను కొడుకు వీపు మీద మోసుకుని తెచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, చూస్తే అరవై అనిపించింది. రెండేళ్ళు మంగళవారం తప్పకుండా వచ్చింది. మూడో ఏడు ఉభాలకి, అంటే వరినాట్లకి, తన కాళ్ళ మీద తనే నడిచి పొలం వెళ్ళింది. బురదలో దిగొద్దని నేను మొత్తుకున్నాను. వింటేనా! పదిహేను రోజులు నడుం వంచి నాటి, ఆ మట్టికాళ్ళతోనే నా గుమ్మంలో నిలబడి, "బాబూ, మడిలోకి దిగీసినాను" అంది. తిట్టాలని నోరు తెరిచాను గానీ, నాకు ఏడుపొచ్చేసింది.

ఇక లక్ష్మీనరసింహంగారు. విజయనగరంలో తరతరాల పండితుల ఇంటివారు. ఈయన తర్కం, వ్యాకరణం వదిలేసి ఢిల్లీ వెళ్ళి అంకెలు చదువుకున్నారు. మనిషి మంచివారు. గొంతు పెంచరు, ఎవరినీ కసరరు. ఆయనలో లోపం ఒక్కటే, బేరమాడడం రాదు.

"ఏ వైద్యానికి ఎంత ఖర్చు పెట్టాలో ప్రభుత్వం తేల్చుకోవాలి కదా, మూర్తిగారూ? అందుకు జబ్బుతో బతకడం ఎంత కష్టమో అంకెల్లో తెలియాలి. చావుకి సున్నా మార్కులు. పదహారణాల ఆరోగ్యానికి వంద. మరి బోదకాలుకి?"

"రోగినే అడిగితే పోలేదాండీ?"

"అడిగితే 'ఏదో ఇలా ఉన్నాం' అంటారు. దానికి మార్కులెలా వెయ్యను? అందుకే ప్రశ్న తిప్పి అడుగుతాం."

ఆ తిప్పిన ప్రశ్న ఇదీ. నీకింకా పదేళ్ళ ఆయుష్షు ఉందనుకో. కాలు పూర్తిగా నయం చేసే మందు ఉందనుకో. కానీ అది మింగితే ఆయుష్షు తగ్గుతుంది. ఎన్నేళ్ళు వదులుకుంటావు? ఐదేళ్ళు వదులుకుంటానన్నవాడి బతుక్కి యాభై మార్కులు. ఏమీ వదులుకోనన్నవాడికి నూటికి నూరు. అంటే వాడికి బాధే లేదు, వాడికి వైద్యం దండగ. నిజం చెప్పొద్దూ, నేను ముచ్చటపడ్డాను. ఇన్నాళ్ళకి మా వాళ్ళ బాధ ఎంతో అడిగేవాడు ఒకడొచ్చాడు కదా అనుకున్నాను.

వరసలో మొదటివాడు కూర్మయ్య. ఎడ్ల బేరగాడు. కుడికాలు బోదకాలైనా నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. మా సంతలో పశువుల బేరం నోటితో ఆడరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియకూడదు. బేరం ఇష్టం లేనివాడు చెయ్యి లాక్కుంటాడు. లాక్కోనంతసేపూ బేరం ఉన్నట్టే.

కూర్మయ్య ప్రశ్న విన్నాడు. పదేళ్ళనగానే వాడి కళ్ళు మెరిశాయి. భుజం మీది తువ్వాలు తీసి లక్ష్మీనరసింహంగారి ఎడమచేతి మీద కప్పి, కింద ఒక వేలు పట్టుకున్నాడు.

"ఒక సంవత్సరమా?" అన్నారు లక్ష్మీనరసింహంగారు.

"ఓర్నాయనో! ఏడాదే! నెల, బాబూ, ఒక్క నెల. మందు కంటితో సూడకండా అంతకన్నా ఎవుడిస్తాడు?"

ఆయన ఎడమచెయ్యి తువ్వాలు కిందే మర్యాదగా ఉంచి, కుడిచేత్తో 'ఒక నెల' అని రాసుకున్నారు. కూర్మయ్య నిర్ఘాంతపోయాడు. జన్మలో అంత సులువైన బేరం వాడు చూడలేదు. వరండాలోకి వచ్చి కేకేశాడు.

"ఒరే, ఇనండర్రా! దొర పదేళ్ళ కాడ మొదలెట్టి నెలకి దిగిపోనాడు! ఎవులూ నోరు జారకండి. నెలకి మించి ఒక్క రోజు ఇచ్చినారంటే మీ అంత ఎర్రోళ్ళు నేరు!"

వరండా అంతా ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సంగతి ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఇక చూడండి. ఎండ ఎక్కేకొద్దీ ధర పడిపోయింది. ఒకడు పదిహేను రోజులన్నాడు. ఇంకొకడు ఎనిమిది. అసిరమ్మ అనే ముసలమ్మ వారం ఇస్తానంది గానీ, కాలుతో పాటు నడుంనొప్పి కూడా తగ్గించాలని కొసరు అడిగింది. దొరగారు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు. మధ్యాహ్నం మంచినీళ్ళిస్తూ కాగితంలోకి తొంగిచూశాను. తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిది. నా నవ్వు ఆగిపోయింది.

"అయ్యా, వీళ్ళు బేరమాడుతున్నారండీ. ఇది మొదటి మాట. మీరు ఇంకాస్త పైకి లాగాలి."

"నేను లాగితే అది నా జవాబవుతుంది, మూర్తిగారూ. పద్ధతి ఒప్పుకోదు."

అప్పుడు దాలమ్మ వంతు వచ్చింది. బల్ల దగ్గర కూర్చోబెడుతూ చెవిలో చెప్పాను. "దాలమ్మా, ఇది బేరం కాదు. నిజం చెప్పు."

"ఊరుకో బాబూ. ముందే నిజం సెప్పీస్తే ఇంక బేరమేటుంటాది?"

దొరగారు అడిగారు. ఆమె "నెల" అంది. ఆయన రాసుకుని కాగితం తిప్పేశారు. దాలమ్మ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత "అయితే ఎల్తన్నాను" అని అందరికీ వినపడేలా అని లేచింది.

మా సంత తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కొనేవాళ్ళు లేచి నాలుగడుగులు వేస్తారు. అమ్మేవాడు "రా అమ్మా, రా, నీ మాటా వద్దు, నా మాటా వద్దు" అని వెనక్కి పిలుస్తాడు. అసలు ధర అప్పుడు తేలుతుంది. దాలమ్మ మెట్లు దిగింది. ఆ కాలుతో ఒక్కో అడుగూ తీరిగ్గా వేసింది. తల వెనక్కి తిప్పలేదు గానీ, చెవి మాత్రం మా వైపే ఉంది. ఉప్పుచేపల గంపల దాకా వెళ్ళి, చేపలు చూస్తున్నట్టు నిలబడింది.

నేను నోరు తెరిచాను. "దయచేసి రోగికి జవాబు అందించకండి" అన్నారు దొరగారు, ఎంతో మెత్తగా. నాది ప్రభుత్వోద్యోగం. నోరు మూసుకున్నాను. ఆయన కలంలో సిరా పోసుకున్నారు. గంపల దగ్గర దాలమ్మ ఇంకాసేపు నిలబడి, ఇంటిదారి పట్టింది.

ఉగాది వెళ్ళీ వెళ్ళకముందే కాగితం వచ్చింది. ప్రభుత్వం అంత చురుగ్గా పనిచెయ్యడం నేను మళ్ళీ చూడలేదు. బోదకాళ్ళవారి బతుకు సంపూర్ణారోగ్యానికి ఒకే ఒక్క మార్కు తక్కువట. ఆహా! నన్ను పరీక్ష చేసినా అన్ని మార్కులు రావు. అందుచేత ఈ వైద్యం వల్ల పెరిగేది ఏమీ లేదనీ, ఆపెయ్యమనీ, బీరువా అప్పగించి నన్ను సాలూరు వెళ్ళమనీ ఉత్తర్వు. మూడు పేజీలు తిరుగుటపాలో రాశాను. ఉప్పుచేపల గంపల సంగతి కూడా రాశాను. జవాబు రెండు వాక్యాలు: 'మీ అభిప్రాయం విలువైనది. అయితే అది రోగి అభిప్రాయం కాదు.'

బీరువా తీసుకెళ్ళే లారీ ఆషాఢం దాకా రాలేదు. దానికి కాపలాగా నేను ఉండిపోయాను. మాత్రలు వైశాఖంలోనే అయిపోయాయి. వానలు పడి, ఊరంతా ఉభాలకి దిగిన వారంలో ఒక మంగళవారం గుమ్మం ముందు ఎడ్లబండి ఆగింది. కొడుకు దాలమ్మను దింపి వరండాలో కూర్చోబెట్టాడు. కాలు మళ్ళీ మొదటికొచ్చేసింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"మందు లేదు, దాలమ్మా" అన్నాను.

"తెలుసు బాబూ. పక్కూరోళ్ళు ఎక్కువ ఇచ్చుంటారు. ఆళ్ళకి అమ్మీసినారు."

"ఎవరికీ అమ్మలేదు. అది అమ్మేది కాదు."

ఆమె నమ్మలేదు. నమ్మడానికి ఆమెకి ఎవరూ ఏమీ సరిగ్గా చెప్పలేదు. "నానే తప్పు సేసినాను. పిలుస్తాడనుకున్నాను. ఉప్పుసేపల కాడ ఎంతసేపు నిలబడ్డానో నువ్వూ సూసినావు కదా. ఒక్క కేకేసుంటే ఎనక్కి వచ్చీదాన్ని."

"నేనే పిలవాల్సింది" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"పోన్లే. ఇప్పుడైనా ఆ దొరకి నువ్వే సెప్పాల" అంటూ దగ్గరికి రమ్మంది. చీరచెంగు నా చేతి మీద కప్పింది. దాని కింద ఆమె చెయ్యి మండిపోతోంది. ఒక వేలు పట్టుకుని నా ముఖంలోకి చూసింది. రెండు. మూడు. నాలుగు. చివరికి బొటనవేలు కూడా కలిపి గట్టిగా పట్టుకుంది.

"నెలలు కాదు బాబూ. ఏళ్ళు. ఇంక నిజంగా అంతకన్నా ఇవ్వనేను. ఒకటో రెండో ఉభాలు నడిసి ఎల్తే సాలు నాకు."

బేరం ఇష్టం లేనివాడే చెయ్యి లాక్కుంటాడు. నేను లాక్కోలేదు. "అమ్మా, జొరం పెరిగిపోతన్నాది, ఎల్దాం రా" అని కొడుకు పిలిచేదాకా ఆ చెంగు కింద నా చెయ్యి అలాగే ఉంచాను.