రికార్డులో లేని గ్రైండర్

"కనకం, ఆ గ్రైండర్ ఆపు. రికార్డింగ్ అవుతోంది" అన్నాడు శేషగిరి.

కనకదుర్గ ఆపింది. మినప్పిండి సగంలో నిలిచిపోయింది. న్యూజెర్సీలో మనవాళ్ల దుకాణాలున్న ఆ వీధి చరిత్రని వీధివాళ్ల గొంతుల్లోనే పోగుచేస్తామని కొందరు ఆర్టిస్టులు తిరుగుతున్నారు. వాళ్లలో దేదీప్య తెలుగుపిల్లే, ఇక్కడే పుట్టింది. మైకు శేషగిరి మూతి ముందు పెట్టి "స్టార్ట్ చెయ్యండి అంకుల్" అంది. "ఈ టిఫిన్ సెంటర్ నా ఒక్కడి రెక్కల కష్టం" అని ఎత్తుకున్నాడాయన. ఆ ఒక్కడి వెనకాల కనకదుర్గ పిండిచేతులతో ఊపిరి బిగబట్టి నిలబడింది, గరిటె కదిలినా రికార్డింగ్ పాడైపోతుందని.

రెండువేల పదకొండు వేసవిలో వీధంతా పండగలా చేశారు. ఏ దుకాణం ముందు నిలబడితే దాని కథ చెవిలో వినపడేట్టు అందరికీ హెడ్‌ఫోన్లిచ్చారు. కనకదుర్గ కూడా తగిలించుకుంది. మొగుడి గొంతు ఖంగుమంది. వెనక ఏ చప్పుడూ లేదు. శుభ్రంగా ఉంది. ఆమె కథ సగంలోనే హెడ్‌ఫోన్లు తీసేసింది.

ఎందుకు తీసెయ్యాలి? ఆయన కొట్టాడా, తిట్టాడా? స్విచ్చి నొక్కింది తన వేలే కదా. అబద్ధం కూడా చెప్పలేదేమో. అద్దె కట్టింది ఆయనే, బోర్డు మీద పేరూ ఆయనదే. మరి తెల్లారకముందే వచ్చి పప్పు కడిగి, రుబ్బి, చట్నీ చేసి, అంట్లు తోమి తను చేసిందేమిటి? గ్రీన్ కార్డు రాకముందు ఆయనే నేర్పాడు: "ఎవరన్నా అడిగితే పని చేస్తున్నానని చెప్పి చావకు, నీకు పర్మిట్ లేదు. మా ఆయనకి తోడుగా వచ్చి కూర్చున్నానను." కార్డు వచ్చింది. కూర్చోడం మాత్రం రాలేదు. పేరంటంలో ఎవరడిగినా ఇప్పటికీ నోరు దానంతటదే "ఏం చెయ్యనండీ, ఖాళీనే" అంటుంది. ఇన్నేళ్లు అన్నాక అదే నిజమేమో. అది పని కాదేమో. కాకపోతే ఈ భుజం నెప్పి ఎవరిది? ఎవర్నడగాలో కూడా తెలీలేదు.

మరుసటి వారం దేదీప్య మళ్లీ వచ్చింది. "మీది చాలా బావుంది అంకుల్. లైబ్రరీలో సేవ్ చెయ్యడానికి ఇంకా లాంగ్‌గా కావాలి."

శేషగిరి చొక్కా సర్దుకున్నాడు. "కనకం, ఆపు."

చెయ్యి అలవాటుగా స్విచ్చి దాకా వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

"ఆపనండీ."

"ఏంటీ?"

"పిండి పులవాలిగా. రేపు ఇడ్లీ ఎవరేస్తారు?"

"మైకులో చప్పుడు పడుతుందే!"

"పడనీండి." స్విచ్చి మీంచి చెయ్యి తీసేసింది. తప్పు చేస్తోందో ఏమో, ఇప్పటికీ తెలీదు. "దేదీప్యా, అంకుల్ తన కథ చెప్పేశారుగా. ఆ మైకు ఇలా గ్రైండర్ దగ్గరికి తీసుకురామ్మా."

దేదీప్య తెచ్చి పెట్టింది. రాయి తిరుగుతోంది. పిల్ల హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తప్పించి, "ఆంటీ, ఇది ఏం సౌండ్ అని రాయాలి?" అంది.

కనకదుర్గ నోటికి ఎప్పటి మాటే వచ్చింది. మింగేసింది.

"పని" అంది. "కనకదుర్గ పని అని రాయి."