అట్ట వెనక నాలుగు మాటలు

"నీ గురించి నాలుగు మాటలు చెప్పమ్మా, నీ కథల పుస్తకం అట్ట వెనక వేయాలి" అంది ఫోన్లో ఎడిటర్. ఇవతల రచయిత్రి చేతులు గిన్నెల నురగలో ఉన్నాయి. ఫోను స్పీకర్లో పెట్టి గట్టు మీద ఆనించింది. "మా రచయితల్లో లారీ నడిపేవాడున్నాడు, జైలు వార్డరొకావిడ ఉంది, పశువుల డాక్టరున్నాడు. మరి నువ్వు?"

ఆమె నోరు తెరిచేలోపే ముందుగది నుంచి భర్త అందుకున్నాడు. "గృహిణి అని వేసేయండి మేడమ్, సరిపోతుంది."

"ఆలోచించుకోమ్మా, కాసేపట్లో మళ్లీ చేస్తా. ఇవాళే అచ్చుకెళ్లాలి" అని ఎడిటర్ పెట్టేసింది.

సరిపోతుందట! పెళ్లికి ముందు నుంచీ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తోంది. ఆ జీతం ఎవరికీ చేదు కాలేదు గానీ, ఉద్యోగం పేరెత్తితే మాత్రం అత్తగారికి తలవంపులు. "ఎముకలకు ఫొటోలు తీస్తుందని నలుగురిలో ఏం చెప్పుకుంటాం?" అనేది ఆవిడ. మెట్ల మీద జారానని చెప్పే ఆడవాళ్ల చేతులను బల్ల మీద సరిగ్గా పెట్టించడం ఆమె పని. మనిషి ఏం చెప్పినా, ఎప్పుడో విరిగి అతుక్కున్న చోటు తెర మీద తెల్లటి గీతలా కనిపించేది. రిపోర్టు రాసేది డాక్టరు. మీ ఇంట్లో అసలు మెట్లున్నాయా అని అడిగే హక్కు ఆమెకు లేదు. అడగలేనివన్నీ కథలయ్యాయి. "మా ఆవిడ కాలక్షేపానికి ఏవో రాసుకుంటుంది" అని నవ్వేవాడు భర్త. ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఇవాళ సెలవు కదాని పుస్తకం ప్రూఫు కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు.

ముందుగదిలో కాగితాలు తిప్పే చప్పుడు ఆగిపోయింది. చివరి కథ దగ్గరికి వచ్చి ఉంటాడు. భోజనాల వేళ తోటి టెక్నీషియన్ చేత తన మణికట్టుకే ఎక్స్‌రే తీయించుకున్న ఒకావిడ కథ అది. "బెణికిందంతే, కాపడం పెట్టుకో" అంటుంది అందులో అత్తగారు, పొల్లు పోకుండా ఈ ఇంట్లో అన్నట్టే.

అతను వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. అరిచినా బాగుండేది.

"బాగానే రాశావు" అన్నాడు మెల్లగా. "చివరి కథలో ఈ మొగుడెవరు?"

ఆమె కుళాయి కట్టేసింది.

"గృహిణి, ఊసుపోక రాసిన కల్పితాలు అని వేయించు. ఆ ఉద్యోగం గొడవ ఎత్తకు." అంటూనే ఆమె ఎడమ మణికట్టు పట్టుకున్నాడు, సరిగ్గా పాత చోటే. ఇంకా బిగించలేదు.

ఫోను మోగింది. రెండో చేత్తో, తడి వేలితోనే స్పీకర్ నొక్కింది.

"ఏమ్మా, రాసుకోనా?"

ఊపిరి బిగబట్టండి, కదలకండి అని రోజూ ఎందరికో చెబుతుంది. ఇన్నేళ్లూ ఇంట్లో తను చేసిందీ అదే. ఆమె ఊపిరి వదిలింది.

"రాసుకోండి మేడమ్. నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఈ కథల్లో ఎముకలన్నీ నేను చూసినవే." అతని వేళ్లు బిగుసుకున్నాయి. "చివరి కథలోది నాది. ఆ చెయ్యే ఇప్పుడు మా ఆయన పట్టుకుని ఉన్నాడు. ఫోన్ పెట్టేయకండి."