చెవికి మూరెడు దూరం

సిరిసిల్లలో ఫోన్ మాట్లాడడానికి ఒక పద్ధతి ఉంది. ఒక చెవికి ఫోన్ అదిమిపెట్టి, రెండో చెవిలో వేలు పెట్టుకోవాలి. వీధి పొడవునా సాంచాలు నడుస్తుంటాయి. కరెంటుతో ఆడే ఆ మగ్గాల చప్పుడులో ఎదుటివాడు తిట్టినా వినిపించదు. ఏడేళ్ల సృజన ప్రతి శుక్రవారం సాయంత్రం అలాగే నిలబడి, మస్కట్‌లో ఉన్న వాళ్ల బాపుతో మాట్లాడేది.

తండ్రి పేరు ముత్యం. సాంచాల పని వారానికి మూడు రోజులకు పడిపోయాక, బట్ట నేసిన చేతులతో అక్కడ ఇటుకలు మోస్తున్నాడు.

పిల్లకు రోజూ తలనొప్పి వస్తోందని తల్లి రజిత బడికి వచ్చింది. నేను సృజన వాళ్ల క్లాసు టీచర్ని. తెలియదు అనడం నాకు చేతకాదు. పేపర్లో చదివింది చెప్పేశాను. పిల్లల పుర్రె పలచన, ఫోన్ తరంగాలు పెద్దల తలలోకన్నా వాళ్ల తలలోకి ఎక్కువ ఇంకుతాయి అన్నాను. దానివల్ల జబ్బు చేస్తుందని ఎవరూ ఇంకా తేల్చలేదని కూడా అందులోనే ఉంది. అది చెప్పలేదు. భయపెడితేనే తల్లులు వింటారని నా తెలివి.

"చెవికి పెట్టనియ్యకు. స్పీకర్ పెట్టి మూరెడు దూరం ఉంచు."

"గట్లనే చేస్త టీచరమ్మా" అంది రజిత.

నెల తర్వాత బడికి వచ్చిన కంటి డాక్టరు సృజనకు చూపు తక్కువని అద్దాలు ఇచ్చాడు. నొప్పి పోయింది. రజిత మాత్రం ఫోన్ దూరం పెట్టినందుకే పోయిందని వాడంతా చెప్పుకుంది. కళ్ల సంగతి చెప్పబోయి ఊరుకున్నాను. పొగడ్త ఎవరికి చేదు?

ఒకసారి సృజనను అడిగాను, "బాపు ఏమంటుండు?" అని.

"ఫోన్ దూరం పెడ్తే ఇనబడది టీచర్. అంత సాంచాల సప్పుడే. ఆయన ఏమడిగినా మంచిగున్నం బాపు అంట నేను."

నేను నవ్వాను కూడా.

మొన్న మార్చిలో ముత్యం అక్కడి గదిలో, నిద్రలోనే పోయాడు. శవం పెట్టె రావడానికి ఇరవై రోజులు పట్టింది. పలకరించడానికి వెళ్లాను. చావుకని వీధిలో సాంచాలన్నీ ఆపేశారు. రజిత గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆయనతోని ఉండే దుర్గయ్య ఫోన్ చేసిండు టీచరమ్మా. ఆఖరి శుక్రారం ఛాతిల నొస్తుందని బిడ్డకు చెప్పిండట. నాకు చెప్తే బుగులువడ్తనని దాన్ని అడిగిండట, ఇంటికచ్చెయ్యాల్నా బిడ్డా అని. మంచిగున్నం బాపు అన్నదట. ఇంట్ల మంచిగనే ఉన్నరు, ఇంకో ఏడాది ఉంట అని దుర్గయ్యతోని అన్నడట."

సృజన నన్నే చూస్తోంది. నాకు లేచి పారిపోదామనిపించింది.

రజిత నా రెండు చేతులూ పట్టుకుంది. "ఆయన ఎట్లనో పాయె. మీరు జెప్పవట్టి పొల్ల తలకాయన్న దక్కింది."

నేను అవునన్నట్టు తల ఊపాను.