మేఘవీర్ మేకు

ఆదివారమైనా ఎల్లేష్‌కు సెలవు లేదు. ఛత్రినాకలో ఒక సందు మొదట్లో, నీలం టార్పాలిన్ పట్టా కింద, అతని ఇస్త్రీ బండి ఉంటుంది. పొద్దున్నే పెట్టెలో బొగ్గులు రాజేసి, బూడిద దులిపి, వారమంతా పేరుకున్న బట్టల మీద నీళ్లు చిలకరిస్తాడు. ఆలోగా ఎదురుగా చాయ్ హోటల్‌లో టీవీ పెడతారు. ఎప్పటిదో పాత సీరియల్ ‘మేఘవీర్’ మళ్లీ వేస్తున్నారు. కథ మధ్యలో పోస్టాఫీసు గుమాస్తా సదానంద్ గోడ చాటుకు పరిగెడతాడు, మరుక్షణం వీపున నీలం దుప్పటి కట్టుకుని మేఘవీర్‌గా ఆకాశంలోకి లేస్తాడు. సరిగ్గా అప్పుడే అతను విప్పేసిన తెల్ల చొక్కా, గోధుమ రంగు ప్యాంటు, లావు కళ్ళజోడు వచ్చి ఎల్లేష్ బండి మీద పడతాయి. ఎక్కడో ఒకచోట పడాలి కదా. ఎల్లేష్ వాటిని ఇస్త్రీ చేసి బండి గుంజకున్న మేకుకు తగిలిస్తాడు. విలన్ జీపు లోయలో పడేసరికి మేకు ఖాళీ అవుతుంది, సదానంద్ మడత నలగని చొక్కాతో గోడ చాటు నుంచి బయటికొస్తాడు. ఎవరు ఇస్త్రీ చేశారని ఆ సీరియల్‌లో ఒక్కరూ అడగలేదు. ఎల్లేష్ కూడా కూలి అడగలేదు.

ఆ టైముకు శ్రీహరిరావు గారు బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటారు. భీమవరం నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే రిటైరైన మనిషి. మేఘవీర్‌లో తప్పులు పట్టడం ఆయనకు జపతపాల కంటే ఎక్కువ.

“ఎగరగలిగినవాడు ఆఫీసుకి సిటీ బస్సులో ఎందుకెళ్తాడయ్యా? ప్రతి వారం అదే జీపు అదే లోయలో పడుతుంది. మేఘవీర్ బొమ్మల పుస్తకంలో వాళ్లమ్మ చచ్చిపోయింది, తర్వాతి పుస్తకంలో పాయసం వడ్డిస్తోంది. అవన్నీ పోనీ అనుకుంటాను. ఆ శాలిని సంగతే నాకు మింగుడుపడదు. పక్క కౌంటర్లోనే కూర్చుంటుంది. మేఘవీర్ అంటే ప్రాణం అంటుంది. కళ్ళజోడు పెట్టుకున్నంత మాత్రాన మనిషిని గుర్తుపట్టదూ?”

“గుర్తువట్టరు సార్,” అన్నాడు ఎల్లేష్, తల ఎత్తకుండా.

అతనికి తెలుసు. సందు చివరింటి నీలమ్మ కూతురు బేబీ సిటీ బస్సు కండక్టరు. యూనిఫాం కోసం బండి దగ్గరికొస్తే “ఇస్త్రీ భాయ్, జేబు కాడ మల్ల ముడత వడ్డది” అని నవ్వుతూ మాట్లాడుతుంది. అదే ఎల్లేష్ స్నానం చేసి, నీలం చొక్కా వేసుకుని, బొగ్గుల కోసం అఫ్జల్‌గంజ్ పోదామని ఆమె బస్సెక్కితే, అతని చేతిలో నోటు చూసి టికెట్ చింపి ఇస్తుంది. ముఖం చూడదు. వెనక బండి లేకపోతే అతనెవరో ఆమెకు తెలియదు. అంతెందుకు, లాల్‌దర్వాజలో ఒక పెళ్లిలో శ్రీహరిరావు గారే ఎల్లేష్‌ను “మీరు మగపెళ్లివారి తాలూకేనా?” అని మర్యాదగా అడిగారు. ఎల్లేష్‌కు కోపం రాలేదు గానీ బాధ మాత్రం కలిగింది. బేబీ అంటే అతనికి చాలా ఇష్టం.

ఈ ఆదివారం అతని తల్లి సుందరమ్మ ఒక చిలకపచ్చ చీర తెచ్చి బండి మీద పెట్టింది.

“బేబీని సూసెతందుకు సిద్దిపేట కెల్లి వస్తున్నరంట. పదకొండింటికి. జల్ది ఇయ్యి, నేను ఇచ్చొస్త.”

ఎల్లేష్ చీర పరిచాడు. చెయ్యి పెట్టె మీద ఉంది, మనసు బండి మీద లేదు. ఏదో ఒక రోజు బేబీతో చెప్పాలనుకుంటూనే ఇంతకాలం గడిపాడు, ఇప్పుడు గంట కూడా మిగల్లేదు. ఇంతలో సదానంద్ బట్టలు వచ్చి పడ్డాయి. అవీ చేశాడు. ఒకటి మేకుకు తగిలించాడు, ఇంకొకటి పేపర్లో చుట్టాడు. సుందరమ్మ పొట్లం తీసుకుని వెళ్లిపోయింది. కాసేపటికి మేకు ఖాళీ అయింది.

“ఏవోయ్, టీవీ చూడు, టీవీ చూడు,” అన్నారు శ్రీహరిరావు గారు.

టీవీలో గోడ చాటున మేఘవీర్ ఒక చిలకపచ్చ చీర పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. చొక్కా లేదు, ప్యాంటు లేదు, కళ్ళజోడు లేదు. ఆఫీసుకు టైమైపోతోంది. చివరికి వీపున దుప్పటితోనే పోస్టాఫీసులోకి నడిచి సదానంద్ కుర్చీలో కూర్చున్నాడు. శాలిని తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది.

“సదానంద్ గారూ, మీరా?”

అతను చీర అందించాడు. ఆమె తీసుకుంది. హోటలంతా లేచి చప్పట్లు కొట్టింది, శ్రీహరిరావు గారు కళ్లు తుడుచుకున్నారు. ఎల్లేష్ మాత్రం ఖాళీ మేకు వైపు చూశాడు. బేబీ చీర పోయింది.

అక్కడ ఇంట్లో బేబీ పొట్లం విప్పి, లోపలున్న చొక్కా, ప్యాంటు, కళ్ళజోడు చూసి, నవ్వొచ్చి ఆ జోడు పెట్టుకుంది. నీలమ్మ వంటింట్లోంచి వచ్చి ఆమెను ఎగాదిగా చూసింది.

“ఎవరు బిడ్డా నువ్వు? పెండ్లోల్ల తరపా? కూసో, మా పిల్ల తయారైతున్నది.”

బేబీ చీర కోసం బయలుదేరింది. సందులో ఒక్కరూ పలకరించలేదు. రోజూ ఆమె చేతి బిస్కెట్లు తినే కుక్క కూడా మొరిగింది. బండి దగ్గర శ్రీహరిరావు గారు “ఎవరింటికమ్మా?” అని అడిగారు.

“చీర పోయింది బేబీ,” అన్నాడు ఎల్లేష్. “తప్పు నాదే. గా అద్దాలు గిట్లియ్యి, సదానంద్‌వి.”

బేబీ అక్కడే నిలబడిపోయింది.

“మా అమ్మనే గుర్తువట్టలే. నువ్వెట్ల గుర్తువట్టినవు?”

“సందుల అడుగు వెట్టంగనే ఎర్కైతది. నువ్వు కుడి చెప్పు జర ఈడుస్తవు. బస్సుల గూడ గట్లనే వస్తవు, వెనక కెల్లి.”

“నా బస్సెక్కినవా నువ్వు?”

“మస్తు సార్లు. మొన్న చిల్లర లేదని నా మీద లొల్లి గూడ చేసినవు.”

బేబీ కళ్ళజోడు తీసి అతని ముఖం చూసింది. “గా నీలం అంగీ ఆయన... నువ్వేనా?” అంది. ఆమెకు సిగ్గేసింది. మేఘవీర్‌ను గుర్తుపట్టలేదని టీవీలో శాలినిని చూసి ఇన్నేళ్లు నవ్విన నవ్వంతా గుర్తొచ్చింది.

“నిన్ను పెండ్లికి అడగాలని నాకు గూడ ఉండె,” అన్నాడు ఎల్లేష్, బొగ్గుల వైపు చూస్తూ. “ధైర్నం సాలలే.”

బేబీ కళ్ళజోడు మళ్లీ పెట్టుకుని ఇంటికి వెళ్లింది.

సిద్దిపేట వాళ్లు టైముకే వచ్చారు. కళ్ళజోడు పిల్ల చాయ్ ఇచ్చింది. వాళ్లు చేతిలో ఫొటో చూసుకున్నారు, లోపలి తలుపు వైపు చూశారు, ఆమెనే అడిగారు. “పిల్లేదమ్మా?”

“పిల్ల మనసుల వేరేటాయన ఉన్నడంట,” అంది బేబీ.

“ఎవరాయన? నాకు జెప్పనే లేదు,” అని నీలమ్మ కూడా ఆ తెలియని పిల్లనే అడిగింది. వచ్చినవాళ్లు మంచివాళ్లు, చాయ్ చల్లారకముందే తాగి, నమస్తే పెట్టి వెళ్లిపోయారు.

తర్వాతి ఆదివారాల సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. సదానంద్ ఇక గోడ చాటుకు పోడు, అందరి ముందే కిటికీలోంచి ఎగురుతాడు. మేకు ఖాళీగానే ఉంటుంది. శాలిని వారం వారం అదే చిలకపచ్చ చీర కడుతుంది, అది ఎందుకు నలగదని శ్రీహరిరావు గారు మథనపడుతుంటారు.

మర్నాడు సోమవారం ఎల్లేష్ నీలం చొక్కా వేసుకుని బస్సెక్కాడు. వెనక నుంచి కుడి చెప్పు ఈడుస్తూ బేబీ వచ్చింది. అతను నోటు ముందుకు పెట్టాడు. ఆమె నోటు వైపు చూడలేదు.

“అఫ్జల్‌గంజేనా, ఎల్లేష్?”

“ఆ,” అన్నాడు ఎల్లేష్.

“చిల్లర లేదు,” అంది బేబీ టికెట్ చింపుతూ. “సాయంత్రం బండి కాడికొచ్చి ఇస్త.”