పాత పేజీ మూసిన రోజు

ఆస్పత్రి వెనక మేడ మీది గదిలో రోజంతా ఒకావిడ చదువుతూ ఉంటే ఇంకొకామె ఊఁ కొడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కథ చెప్పుకుంటున్నారేమో అనుకుంటారు. చదివేది మాత్రం రక్తం గడ్డకట్టని జబ్బుతో పుట్టిన పిల్లల వివరాలు. ఏ బిడ్డ జన్యువులో ఏ మార్పు ఉంది, ఏ మందు ఇచ్చారు, అది ఒంటికి పడిందా, ఎదురు తిరిగిందా అని ఎక్కడెక్కడి ఆస్పత్రుల నుంచో కాగితాలు వస్తాయి. వాటిని అందరూ అక్కయ్య అని పిలిచే పెద్దావిడ చదవాలి, చిన్నది తెర మీద సరిచూసి ఊఁ అనాలి. రెండు గొంతులూ కలిస్తేనే ఆ వివరం డేటాలోకి ఎక్కుతుంది. ఏ ఊళ్ళో డాక్టరుకైనా అనుమానం వస్తే ఆ గది వాళ్ళు ఇంటర్నెట్‌లో నడిపే పేజీ తెరిచి చూసుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే తంతు.

చిన్నది అంటే ఆ గదిలో అందరికన్నా చిన్నది. ఇంటి దగ్గర ఏడాదిన్నర పాప ఉంది, పాపను చూసుకునే అత్తగారు ఉంది. భయం ఆమెకు తోబుట్టువు. పాప నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే రకం. ఈమధ్య ఆ భయానికి గ్రాంటు తోడైంది. పాత గ్రాంటు అయిపోవచ్చింది. కొత్తది రాకపోతే గదికి తాళమే.

డబ్బు తెచ్చే బరువు మేడమ్‌ది. ఈ డేటా మొదలుపెట్టింది ఆవిడే. కొత్త మందు కనిపెడతామంటే ఇచ్చేవాళ్ళు వంద మంది, ఉన్నదాన్ని చెడకుండా చూసుకుంటామంటే మొహం చూసేవాడు లేడని ఆవిడ ఏళ్ళ తరబడి నిట్టూర్చింది. ఇల్లు కట్టినవాడి పేరు గోడ మీద చెక్కుతారు, రోజూ ఊడ్చేవాళ్ళ పేరు ఎవరు చెక్కుతారమ్మా అని అక్కయ్య వంత పాడేది. తీరా ఈసారి, ఎప్పటినుంచో నడుస్తున్న డేటాను నిలబెట్టడానికే ఒక గ్రాంటు ప్రకటించారు. మేడమ్‌కు నమ్మకం కుదరలేదు. పైకి అలా రాస్తారు, వచ్చాక కొత్తగా ఏం చేశారనే అడుగుతారు అంది. ఆత్రంగా రంగురంగుల బొమ్మలతో ఒక కొత్త పేజీ చేయించింది. డాక్టర్లకు అలవాటయ్యేదాకా పాతదానికి దారి ఒక మూల ఉంచమంది.

గ్రాంటు ఇచ్చేవాళ్ళ కమిటీ చూడ్డానికి వచ్చే ముందురోజు చిన్నదానికి ఆ మూల మీదే కన్ను పడింది. పాత పేజీ బూడిద రంగులో, సన్న అక్షరాలతో ఉంది. చుట్టాలొచ్చే వేళకు గుమ్మంలో మాసిన బట్టల మూటలా తోచింది. పొరపాటున వాళ్ళు అది తెరిస్తే? మేడమ్‌ను అడిగితే వద్దంటుందని, కంప్యూటర్ అతన్ని బతిమాలి బయటివాళ్ళకు అది కనబడకుండా మూయించేసింది.

పొద్దున ముగ్గురు వచ్చారు. వాళ్ళలో నెరిసిన జుట్టావిడ పెద్ద. మేడమ్ కొత్త పేజీ చూపిస్తూ ఉండగా ఫోన్ మోగింది. ఒక డాక్టరు. పేజీ కనబడటం లేదట. చిన్నది గుసగుసగా ఏదో సర్దిచెప్పి పెట్టేసింది. మళ్ళీ మోగింది. ఇంకో ఊరు, ఇదే గోల. ఆ తర్వాత ఫోన్ కిందపెడితే ఒట్టు. మేడమ్ మాట మాటకూ తడబడుతోంది. రిసీవర్ తీసి పక్కన పడేయమని కంప్యూటర్ అతను సైగ చేశాడు.

చిన్నది తీసి పక్కన పెట్టబోతూ ఒకసారి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఇంకో డాక్టరు గబగబా అడుగుతున్నాడు. చేతుల్లో పసివాడు, నోట్లోంచి రక్తం ఆగటం లేదు, పరీక్షలో ఫలానా మార్పు తేలింది, మామూలు మందు ఇవ్వొచ్చా లేదా అని. కొత్త పేజీలో ఆ మార్పు వివరాలు ఇంకా ఎక్కించనేలేదు. పాత పేజీ తెరిస్తే కమిటీ ముందు బండారం బయటపడుతుంది. తెరవకపోతే?

"అక్కయ్యా, పాతది తియ్యి. నేను చదువుతా, నువ్వు ఊఁ కొట్టు" అంది, గది మొత్తానికీ వినబడేలా.

ఈసారి గొంతులు తారుమారయ్యాయి. అదే మార్పు ఉన్న పిల్లల వివరాలు చిన్నది ఒక్కొక్కటే ఫోన్లోకి చదివింది, అక్కయ్య ఊఁ, ఊఁ అంటూ కాగితంతో సరిచూసింది. చాలామందికి ఆ మందు ఎదురు తిరిగింది. అయితే వేరే మందు మొదలుపెడతానని డాక్టరు పెట్టేశాడు.

నెరిసిన జుట్టావిడ కుర్చీ లాక్కుని చిన్నదాని పక్కన కూర్చుంది.

"పొద్దుట్నుంచీ ఎందుకమ్మా ఇన్ని ఫోన్లు?"

"పాత పేజీ మూయించానండి. నేనే. మేడమ్‌కి తెలీదు. మీరు చూస్తే నచ్చదేమోనని."

"మేం వచ్చిందే దాన్ని చూడ్డానిక్కదా."

ఆవిడ మేడమ్ వైపు తిరిగింది.

"ఇది మూతపడితే ఎవరికి నష్టం అని ప్రతిచోటా అడుగుతాం. అందరూ ఉపన్యాసాలిస్తారు. మీరు మూసి చూపించారు. అలాగని ఈ చిట్కా ఇంకెవరికీ చెప్పకండేం."

మేడమ్ నవ్వాలో ఏడవాలో తెలియక కంప్యూటర్ అతన్ని కేకేసి పాత పేజీ తెరిపించింది. ఫోన్ సద్దుమణిగింది. వాళ్ళు వెళ్ళాక చిన్నదాన్ని పిలిచి, నన్నొక్క మాట అడగొద్దుటే అని మాత్రం అంది. అడిగితే వద్దంటారుగా అని అక్కయ్యే జవాబిచ్చింది.

కొన్ని వారాలకు కబురు వచ్చింది. ఐదేళ్ళకు గ్రాంటు ఇచ్చారు. పాత పేజీని ఎప్పుడూ మూయకూడదని అందులో ఒక షరతు కూడా పెట్టారు. ఆ మాట మేడమ్ పైకి చదువుతుంటే కంప్యూటర్ అతను దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

సాయంత్రం చిన్నది దారిలో దుకాణంలో ఆగి పాపకు చెప్పులు కొంది. ఇంటికొచ్చి తొడిగితే పాదం అందులో సగానికే వచ్చింది.

"ఇవేం చెప్పులే, పిల్ల నడవాలా ఈదాలా?" అంది అత్తగారు.

"ఎదుగుతుందిలే అత్తయ్యా," అంది చిన్నది, పాపను వేలు పట్టి నడిపిస్తూ. "తొందరేముంది."